నేతిబీర పీచు: అంగట్లో కొన్నది, పందిరి మీద ఎండినది

ఒళ్లు రుద్దుకోవడానికి ప్రకృతిసిద్ధమైన పీచు కావాలని దుకాణానికి వెళ్లినవారికి ఈ రోజుల్లో సాధారణంగా మూడు రకాలు ఎదురవుతాయి. పలచగా అణచి, వెనక నూలు గుడ్డ వేసి, అరచేతికి తగిలించుకునే పట్టీ కుట్టినది మొదటి రకం. ఎండిన కాయను అడ్డంగా తెగ్గోసి, తెల్లగా చేసి, కాగితపు పెట్టెలో పెట్టి అమ్మేది రెండో రకం. చిన్న బిళ్లలుగా కోసి, అంచులు కుట్టి, గిన్నెలు తోమడానికని అమ్మేది మూడో రకం. ఈ మూడింటినీ తెచ్చి వాడి చూశాను; వాటితో పాటు మా పెరటి పందిరి మీద ముదిరి ఎండిన నేతిబీర పీచును కూడా అదే కాలంలో, అవే పనులకు వాడాను. ఈ సమీక్ష ఆ నాలుగింటి గురించి. తీర్పు ముందే చెబుతాను: ఇంట్లో పండిన పీచు మిగిలిన మూడింటికంటే ఎంతో మేలైనది. దానికి కారణం కాయను తీగ మీదనే పూర్తిగా ముదరనివ్వడం, కోసిన తరువాత జిగురంతా పోయేదాకా కడిగి గాలికి ఆరబెట్టడం. ఈ రెండూ సరిగ్గా జరిగిన పీచు దుకాణంలో దొరికితే దాన్ని కూడా నిస్సంకోచంగా కొనవచ్చు. అలాంటి దాన్ని ఎలా గుర్తుపట్టాలో, ఇంట్లో అయితే కాయను ఎప్పుడు కోయాలో, ఎలా ఎండబెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఈ వస్తువు స్వభావం తెలియాలి. పీచు అంటే కాయలోని నాళాల అల్లిక. లేత కాయలో నీటినీ ఆహారాన్నీ మోసిన సన్నని నాళాలు కాయ ముదిరేకొద్దీ చెక్కలో ఉండే సెల్యులోజు, లిగ్నిన్ అనే పదార్థాలతో గట్టిపడతాయి. వాటి మధ్య ఉన్న మెత్తని కండలో నీరు ఇంకిపోయి, చివరకు అల్లిక ఒక్కటే మిగులుతుంది. పైపొరలోని దారాలు ఎక్కువగా కాయ చుట్టూ అడ్డంగా తిరుగుతాయి, లోపలి పొరలోనివి నిలువుగా సాగుతాయి, నడుమ గింజలు ఉండే మూడు సొరంగాలు తొడిమ నుంచి కొన దాకా ఉంటాయి. ఇలా రెండు దిక్కులా అల్లుకోవడం వల్లనే తడిసిన పీచును పిండితే అణిగి, వదిలితే మళ్లీ లేస్తుంది. ఆ సొరంగాల వల్లనే నీరు నిలవకుండా జారిపోతుంది. కాయ ముదరకముందే కోస్తే ఆ నాళాలు ఇంకా గట్టిపడి ఉండవు. అప్పుడు వచ్చే పీచు మెత్తగా, చూడ్డానికి అందంగానే ఉంటుంది గాని కొద్ది రోజుల వాడకానికే నలిగి దారాలు దారాలుగా విడిపోతుంది. తరువాత ఎంత శ్రద్ధగా ఎండబెట్టినా ఆ లోటు తీరదు.

కూరకు మనం తరచుగా కొనే పలకల బీరకాయలోనూ పీచు ఉంటుంది. అయితే అది సన్నగా, గరుకుగా ఉంటుంది, పలకల వెంట పెచ్చు ఊడదు, ఒంటికి గుచ్చుకుంటుంది. ఆ బీరకు లూఫా అక్యుటాంగులా అన్న శాస్త్రీయ నామాన్ని స్థిరపరచిన విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివరి దశకాల్లో మన సామర్లకోటలోనే ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించినవాడు కావడం తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి. స్నానానికి పనికొచ్చేది మాత్రం నున్నని నేతిబీర, అంటే లూఫా ఈజిప్షియాకా. పాత పుస్తకాల్లో దీన్నే లూఫా సిలిండ్రికా అని రాశారు. తీగ మీద కాయలు రాకముందే ఈ రెండింటినీ పువ్వులను బట్టి వేరు చేయవచ్చు. పలకల బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, నేతిబీర పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. విత్తనాల పొట్లం మీద ఏ పేరు రాసి ఉన్నా ఈ గుర్తు తప్పదు.

ఇక దుకాణపు సరుకు సంగతి. గుడ్డ కుట్టిన మొదటి రకం పొడిగా ఉన్నప్పుడు బిరుసుగా ఉంటుంది, నీళ్లలో వేసిన కొద్ది నిమిషాల్లో ఉబ్బి మెత్తబడుతుంది. అణచి ఎండబెట్టిన పీచు నీటితో పూర్వరూపానికి రావడం దాని సహజ లక్షణమే కాబట్టి అందులో లోపమేమీ లేదు. నాకు నచ్చనిది వెనకనున్న గుడ్డ. పీచు తొందరగా ఆరుతుంది, గుడ్డ ఆరదు. ఆ తడి కుట్ల దగ్గర చేరి, వర్షాకాలంలో అయితే వారం తిరక్కుండానే ముక్క వాసన వస్తుంది. పైగా ఈ రకానికి కాయను నిలువుగా చీల్చి, నడిమి భాగాన్ని తీసివేసి, పైగోడను మాత్రమే వాడతారు. అంటే రుద్దే ముఖం ఉంటుంది గాని, నురగను పట్టి ఉంచే లోపలి అల్లిక ఉండదు. సబ్బు ఎక్కువ ఖర్చవుతుంది. వీపు రుద్దుకోవడానికి రెండు చివర్లా తాళ్లు కుట్టిన పొడవాటి పట్టీ కూడా ఇదే పద్ధతిలో తయారవుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవారికి, చేయి వెనక్కు తిరగనివారికి అది నిజంగా ఉపయోగపడుతుంది కాబట్టి, గుడ్డ లేకుండా రెండు వైపులా పీచే ఉన్న పట్టీ దొరికితే దాన్ని మాత్రం కొనమంటాను.

రెండో రకంలో ఆకర్షణంతా తెలుపు. మల్లెపూవంత తెల్లగా ఉన్న పీచును చూసి శుభ్రమైనదని అనుకోవడం సహజమే. కాని తీగ మీద ముదిరి ఎండిన పీచు రంగు ఎండుగడ్డి ఛాయలోనో, లేత గోధుమ రంగులోనో ఉంటుంది. పసుపు తిరిగిన దశలో కోసి వెంటనే కడిగితే ఇంకొంచెం తెల్లగా వస్తుంది. అంతకు మించిన తెలుపు క్లోరిన్ బ్లీచు వల్లనో, హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్లనో వచ్చినదే. పెరాక్సైడ్ పలచగా వాడి బాగా కడిగితే పెద్ద హాని లేదు; క్లోరిన్ మాత్రం దారాన్ని బలహీనపరుస్తుంది. నేను కొన్న ముక్కను మొదటిసారి వేడినీళ్లలో ముంచగానే ఈతకొలను వాసన తేలింది, కొద్ది వాడకాల తరువాత పొట్టి పొట్టి దారాలు రాలి నీళ్ల తూము దగ్గర చేరసాగాయి. ఇదే దుకాణంలో, తక్కువ ధరకు, మచ్చలున్న గోధుమ రంగు ముక్కలు కూడా ఒక మూల బుట్టలో ఉన్నాయి. అందంగా లేవని వాటిని ఎవరూ తీసుకోవడం లేదు. వాటిలోనివే ఎక్కువ కాలం మన్నాయి.

కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కోసిన అడ్డుముఖాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. మూడు సొరంగాల మధ్యనున్న గోడలు దట్టంగా, ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కుని ఉంటే కాయ ముదిరినదని అర్థం. సొరంగాల్లో ఎక్కడైనా ఒకటి రెండు గింజలు ఇరుక్కుని ఉంటాయి. అవి నల్లగా, గట్టిగా ఉంటే మంచిది, గోరుతో నొక్కితే నలిగిపోయే తెల్లని తాలు గింజలైతే కాయను తొందరపడి కోశారన్నమాట. అంచున ఒక దారాన్ని పట్టుకుని మెల్లగా లాగితే అల్లిక మొత్తం దానితో పాటు కదలాలి. దారం ఒక్కటే తెగి చేతిలోకి రాకూడదు. లోపలి పొరల్లో నల్లని చుక్కలు గుంపుగా ఉంటే అది బూజు మచ్చ, దాన్ని తీసుకోవద్దు. పైన అక్కడక్కడ కనిపించే గోధుమ రంగు చార మాత్రం పెచ్చు ఎండేటప్పుడు అంటుకున్న రంగే కాబట్టి దాని గురించి ఆలోచించనక్కరలేదు.

గిన్నెల కోసం అమ్మే మూడో రకం బిళ్లలు నేను అనుకున్నదానికంటే బాగా పనిచేశాయి. స్టీలు గిన్నెలకు, గాజు గ్లాసులకు, పూత పూసిన నాన్‌స్టిక్ పెనాలకు ఇవి చక్కగా సరిపోతాయి, గీత పడదు. మాడిన గిన్నెకు సరిపోవు, ముందుగా నానబెట్టుకోవాలి. చింతపండు, ఉప్పుతో ఇత్తడి చెంబులు తోమేటప్పుడు కొబ్బరిపీచుకు ఉన్న పట్టు దీనికి లేదు. నెయ్యి, నూనె అంటిన గిన్నెకు వాడితే వేడినీళ్లతో వెంటనే కడగాలి, లేకపోతే జిడ్డు అల్లికలోకి దిగిపోతుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. అంచు కుట్టిన దారం చాలా చోట్ల పాలియెస్టర్‌ది. ప్లాస్టిక్ స్క్రబ్బరు వద్దనుకుని దీన్ని కొనేవారు ఆ దారాన్ని కత్తిరించి తీసివేయవచ్చు. ముదిరిన పీచుకు కుట్టు అవసరమే లేదు.

ఇప్పుడు పెరటి పీచు. పెంపకం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే బీరపాదు పెట్టడం మన ఊళ్లలో తెలియనివారు తక్కువ. తొలకరిలో గింజలను రాత్రంతా నానబెట్టి పాదుకు రెండు మూడు వేస్తే చాలు. మిద్దెతోటల వారు ఒక పెద్ద తొట్టెలో ఒక్క తీగనే ఉంచితే మంచిది. అసలు విషయం పందిరి. కాయ నేల మీద పెరిగితే వంకర తిరుగుతుంది, తడికి కుళ్లుతుంది. తల ఎత్తు పందిరి నుంచి వేలాడితే తన బరువుకు తానే తిన్నగా సాగుతుంది. గుత్తులుగా వచ్చే మగపూలను, విడిగా వచ్చి అడుగున చిన్న పిందెను మోసే ఆడపూలను చూసి కంగారు పడనక్కరలేదు. తేనెటీగలు తిరిగే పెరడైతే పిందె నిలుస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో తేనెటీగలు రాకపోతే తెల్లవారాక మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్దాలి. పిందె దశలో పండుఈగ గుడ్లు పెడితే కాయ వంకరపోయి లోపల పీచంతా గోధుమ మచ్చలు పడుతుంది కాబట్టి, మొదటి కొద్ది వారాలు పిందెకు పలచని గుడ్డ సంచి తొడగడం నేను తప్పనిసరిగా చేసే పని. బూడిద తెగులు ఆకుల మీద కనబడినప్పుడు అడుగు ఆకులు తీసేసి గాలి ఆడనివ్వడమే ఎక్కువగా పనిచేసింది.

ఏ కాయలను వదలాలన్నది మాత్రం ముందే నిర్ణయించుకోవాలి. నేతిబీర పచ్చడి కార్తీక మాసంలో తినాలన్న ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. అప్పటికి తీగ నిండా లేత కాయలుంటాయి, అవన్నీ కూరకే పోతాయి. పీచు కోసం ఉంచవలసినవి వాటికంటే ముందు, వినాయక చవితి నుంచి దసరా లోపు, పాదుకు దగ్గరగా కాసినవి. తీగ బలంగా ఉన్నప్పుడు కాసిన ఆ కాయల్లోనే అల్లిక మందంగా వస్తుంది; ఆలస్యంగా, కొమ్మ చివర కాసినవాటికి ముదిరే వ్యవధి చాలదు. కాబట్టి తొలి కాపులో తిన్నగా, లావుగా ఉన్నవాటిని ఎంచి, ఒక రంగు దారం కట్టి, ఇంట్లో అందరికీ చెప్పి వదిలేయాలి. తీగకు నాలుగైదుకు మించి వదలకపోవడం మంచిదని నా అభిప్రాయం. తరువాత వచ్చినవాటిని కోసుకుంటూ ఉంటే తీగ కొత్త పూలు పూస్తూనే ఉంటుంది, పచ్చడికీ లోటుండదు. గింజ వేసిన నాటి నుంచి పీచు చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. అంటే తొలకరి పాదు సంక్రాంతి నాటికి ఫలితమిస్తుంది. మన దగ్గర ఆ వేళకు వానలు వెనకబట్టి గాలి పొడిగా ఉండటం ఈ పనికి కలిసొచ్చే విషయం. మంచు పడే దేశాల్లో కాయ ముదరకముందే తీగ చచ్చిపోతుందని తోటవారు ఆదుర్దా పడతారు. తెలుగు నేల మీద ఆ భయం లేదు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లు మాత్రం వసంతానికి ముందే గింజలను ఇంట్లో మొలకెత్తించి, చలి పోయాక బయట నాటితే గాని కాయ ఆ దశకు చేరదు.

కోత సమయం చెప్పే గుర్తులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదట ముదురాకుపచ్చ రంగు పాలిపోయి పసుపు తిరుగుతుంది. ఆ తరువాత కాయ బరువు తగ్గడం మొదలవుతుంది. అడుగున అరచేయి పెట్టి ఎత్తి చూస్తే నీళ్లతో నిండి ఉండే కాయ రోజురోజుకూ తేలికవుతున్న సంగతి స్పష్టంగా తెలుస్తుంది. పెచ్చు లోపలి పీచు నుంచి విడివడి, బొటనవేలితో నొక్కితే కింద డొల్లగా తగులుతుంది. తొడిమ పచ్చదనం పోయి ఎండుతుంది. చివరగా కాయంతా గోధుమ రంగుకు వచ్చి, ఊపితే గింజలు గలగలలాడతాయి. ఈ చివరి గుర్తు దాకా ఆగగలిగితే అంతకు మించినది లేదు. అప్పుడు కోసిన కాయకు పెచ్చు ఎండుటాకంత పెళుసుగా ఉండి, పని సగం తగ్గిపోతుంది. పసుపు తిరిగి, సగం బరువు తగ్గిన దశలో కోసినా పీచు బాగానే వస్తుంది. అది కొంచెం తెల్లగా, మెత్తగా ఉండి ముఖ్యంగా సున్నితమైన చర్మం ఉన్నవారికి నచ్చుతుంది, కాని జిగురు కడగడం ఎక్కువ శ్రమ. పూర్తి పచ్చిగా, బరువుగా ఉన్న కాయను మాత్రం ఏ కారణం చేతనూ పీచు కోసం కోయకూడదు.

దీనికి ఒక మినహాయింపు వాతావరణం. కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. గోధుమ రంగుకు వచ్చిన కాయ రెండు మూడు రోజులు ముసురులో నానితే లోపల బూజు పట్టి పీచు నల్లబడుతుంది. అందుచేత వాయుగుండం హెచ్చరిక వినగానే గోధుమ రంగుకు, పసుపుకు తిరిగినవాటినన్నిటినీ కోసి, పసుపువాటిని ఆలస్యం చేయకుండా ఆ రోజే ఒలవడం మంచిది. పచ్చివాటి పెచ్చు ఇంకా గట్టిగా ఉంటుంది కాబట్టి అవి వానకు ఓర్చుకుంటాయి. తెలంగాణ పొడి జిల్లాల్లో ఈ బెడద తక్కువ. అక్కడ పుష్యమాసపు రాత్రుల మంచు తడి మాత్రం ఎండిన కాయల మీద చేరకుండా, పూర్తయినవాటిని ఎప్పటికప్పుడు దించుకోవాలి.

ఒలిచే పద్ధతిలో కత్తికి చోటు లేదు. కాయ కొనన చిన్న మూత ఉంటుంది. బాగా ఎండిన కాయకు అది దానంతటదే ఊడుతుంది, లేకపోతే వేలితో తడితే ఊడివస్తుంది. ముందు ఆ రంధ్రం నుంచి గింజలను ఒక పళ్లెంలోకి దులపాలి. తడి తగలకముందే ఈ పని చేస్తేనే గింజలు విత్తనానికి పనికొస్తాయి. ఆ తరువాత కాయను రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లిస్తూ నొక్కితే పెచ్చు అంతటా పగులుతుంది. కాయ పొడుగునా పెచ్చును అంటుకుని కొన్ని గట్టి ఈనెలు ఉంటాయి; ఒక ఈనెను కొన దగ్గర పట్టుకుని తొడిమ వైపు లాగితే దాని వెంట పెచ్చు చీలి, రెండు వైపులా పెద్ద పెద్ద పెళ్లలుగా ఊడుతుంది. ఎక్కడైనా మొండికేస్తే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే వదులుతుంది. బలవంతంగా గీరితే పైపొర దారాలు తెగుతాయి, అవి తెగిన చోట పీచు తొందరగా విడిపోతుంది.

కడగడమే ఈ మొత్తం పనిలో అందరూ తొందరపడే ఘట్టం, పీచు నాణ్యతను ఎక్కువగా నిర్ణయించే ఘట్టం కూడా అదే. ఒలిచిన పీచులో ఎండిన కండ, జిగురు ఇంకా ఉంటాయి. బకెట్టు నీళ్లలో ముంచి, పిండి, వదిలి, మళ్లీ పిండుతూ పోతే నీళ్లు సబ్బు వేసినట్టు నురగ కడతాయి. కాయలో సహజంగా ఉండే సాపోనిన్‌ల వల్ల వచ్చే నురగ అది. నీళ్లు మార్చుకుంటూ, నురగ పూర్తిగా ఆగి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఈ పని చేయాలి. గొట్టం ఉంటే నీటి ధారను సొరంగాల్లోకి నేరుగా కొట్టడం వల్ల లోపలి గోడలు బాగా శుభ్రపడతాయి. ఈ జిగురు మిగిలితే పీచు ఎండిన తరువాత గట్టిగా, గోధుమ ఎరుపుగా మారుతుంది, చీమలు చేరతాయి, స్నానాలగదిలో తడి తగలగానే వాసన మొదలవుతుంది. దుకాణపు ముక్కల్లో నాకు తరచుగా కనిపించిన లోపం ఇదే. వాటిని బ్లీచుతో తెల్లబరుస్తారు గాని, జిగురు పూర్తిగా పోయేదాకా కడగరు.

ఆరబెట్టడానికి దండెం కావాలి, నేల వద్దు. సొరంగంలోంచి తాడు దూర్చి, గాలి నాలుగు వైపులా తగిలేటట్టు, ఒకదానికొకటి ఆనకుండా వేలాడదీయాలి. పొద్దుటి ఎండ మంచిది. ఎండ ఎర్రగా కాసే వేళల్లో రోజుల తరబడి వదిలేస్తే దారాలు పెళుసెక్కుతాయి కాబట్టి, ఒకటి రెండు రోజుల ఎండ తగిలాక నీడలో గాలికి ఆరనివ్వడం నా పద్ధతి. పైకి ఆరినట్టు కనిపించినా నడుమ తడి ఉండవచ్చు. గట్టిగా పిండి చూసినప్పుడు పొడిగా కరకరలాడాలి, చేతికి చల్లదనం తగలకూడదు. అప్పుడు నూలు సంచిలో వేసి, గాలి తగిలే అటక మీద పెడితే ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. పాలిథిన్ సంచిలో మూట కట్టి పెట్టవద్దు. ఒలవని ఎండుకాయలను అలాగే ఉంచుకోవడం ఇంకా మంచిది. అవసరమైనప్పుడు ఒక్కొక్కటి ఒలుచుకోవచ్చు, పెచ్చు లోపలి పీచుకు దుమ్ము, పురుగు అంటకుండా కాపాడుతుంది.

వాడకంలో తేడా మొదటి స్నానంలోనే తెలిసింది. ఇంటి పీచు తడవగానే మెత్తబడినా లోపలి బిగువు పోలేదు. కొద్దిపాటి సబ్బుకే దట్టమైన నురగ పట్టింది. సున్నిపిండితో వాడినప్పుడు పిండి కొంత సొరంగాల్లో ఇరుక్కుంటుంది కాబట్టి ఆ రోజు ఎక్కువ నీళ్లతో దులపాలి. కుంకుడు రసంతో చక్కగా కుదురుతుంది. కాయ తొడిమ వైపు ముక్క గరుకుగా ఉండి పాదాలకు, మోచేతులకు, మడమల పగుళ్ల చుట్టూ గట్టిపడిన చర్మానికి సరిపోయింది. నడిమి ముక్క వీపుకు, చేతులకు బాగుంది. ముఖానికి దీన్ని వాడవద్దు. పసిపిల్లలకు, తామర, గాయాలు, మొటిమలు ఉన్న చర్మానికి అసలే వద్దు. రోజూ గట్టిగా తోమితే చర్మం మీది సహజమైన జిడ్డు పోయి పొడిబారుతుంది. వారానికి రెండు మూడుసార్లు మెల్లగా రుద్దడం చాలు.

శుభ్రత గురించి ఇక్కడే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ప్రకృతిసిద్ధమైనది కాబట్టి ప్రమాదం లేదన్న నమ్మకం చాలామందిలో ఉంది. 1994లో అమెరికాలో వెలువడిన ఒక సూక్ష్మజీవశాస్త్ర పరిశోధన, తడి పీచులో సూడోమోనాస్ వంటి బాక్టీరియా పెరిగి చర్మానికి చేరే అవకాశం ఉందని చూపింది. రాలిన మృతకణాలు అల్లికలో ఇరుక్కుని వాటికి ఆహారమవుతాయి, స్నానాలగది తేమ మిగిలిన పని చేస్తుంది. కాబట్టి ప్రతి వాడకం తరువాత ధార కింద కడిగి, పిండి, స్నానాలగదిలో కాకుండా బయట దండెం మీద ఆరేయాలి. వారానికొకసారి కాగే నీళ్లలో కొద్ది నిమిషాలు ఉంచి ఎండలో పెట్టాలి. ఒకరి పీచు మరొకరు వాడకూడదు. స్నానపు పీచును మూడు నాలుగు వారాలకొకసారి మార్చడం మంచిది. నల్లబడినా, వాసన వచ్చినా ఆ గడువు కూడా చూడనక్కరలేదు. ఇంట్లో పండించుకునేవారికి కలిగే అసలైన సౌకర్యం ఇక్కడ కనిపిస్తుంది. డబ్బు పెట్టి కొన్న ముక్కను పారేయడానికి మనసొప్పదు, చిరిగేదాకా వాడతాం. అటక మీద ఇంకో పది కాయలుంటే సమయానికి మార్చేస్తాం. పాతది ముందు గిన్నెలకు కాకుండా సింకు, గచ్చు, చెప్పులు తోమడానికి వాడి, ఆ తరువాత ముక్కలు చేసి ఎరువుగుంటలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది. నైలాన్ వల విషయంలో ఆ వీలు లేదు; అది అరిగినకొద్దీ సన్నని ప్లాస్టిక్ తునకలు నీళ్లలోకి పోతాయి.

ఈ అల్లిక బలం స్నానానికే పరిమితం కాదని కూడా గుర్తుంచుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా జపాన్ నుంచి పెద్ద ఎత్తున ఈ పీచును దిగుమతి చేసుకున్నది ఎక్కువగా ఓడల ఇంజన్లలో వడపోత కోసం. పరాగ్వేలో ఎల్సా సాల్దివార్ అనే సామాజిక కార్యకర్త, గ్రామీణ స్త్రీల చేత నేతిబీర పండించి, నాసిరకం పీచును పారేసిన ప్లాస్టిక్‌తో కలిపి ఇళ్ల గోడలకు పలకలు చేయించే ప్రయత్నానికి 2008లో రోలెక్స్ పురస్కారం అందుకున్నారు. మంచి పీచు స్నానానికి, మిగిలినది గోడకు అన్న ఆ ఆలోచన మన మహిళా సంఘాలు పరిశీలించదగినది. మన నేలలో ఈ తీగ ఏ ప్రత్యేక సంరక్షణా లేకుండానే పండుతుంది, కాయ ఎండడానికి కావలసిన చలికాలపు పొడి గాలి ఉచితంగా దొరుకుతుంది.

ధర విషయానికొస్తే, నేను కొన్న స్నానపు ముక్కలు ఒక్కొక్కటి వంద రూపాయలు దాటినవే. పట్టీలు, పెట్టెలు ఉన్నవి అంతకు రెట్టింపు. ఒక పెద్ద కాయ నుంచి అలాంటి ముక్కలు మూడు నాలుగు వస్తాయి. పెరడు, మిద్దె, కనీసం ఎండ తగిలే ఒక గోడ ఉన్నవారికి కొనమని నేను చెప్పలేను. విత్తనం కోసం కూరకు పేరుపొందిన పూసా చిక్నీ వంటి రకాల వెంట పడనక్కరలేదు. వాటిని లేత దశలో తినడానికి ఎంచి తీశారు. ఊళ్లో ఎవరి పందిరి మీదనైనా బాగా పొడుగ్గా, లావుగా కాసే నాటు నేతిబీర ఉంటే దాని గింజలు నాలుగు అడిగి తెచ్చుకోవడం మేలు. ఆ అవకాశం లేనివారు కొనదలచుకుంటే గుడ్డ లేనిది, రంగు మార్చనిది, అడ్డంగా కోసిన నిండు ముక్క తీసుకోవాలి.

అమ్మేవారికి కూడా ఒక విన్నపం ఉంది. ఒలిచి, తెల్లబరచి, పెట్టెలో పెట్టే శ్రమ మానుకుని, ఎండిన కాయను పెచ్చుతోనే అమ్మితే కొనేవారికి అంతకంటే నమ్మకమైన సరుకు ఉండదు. సంతల్లో, సేంద్రియ ఉత్పత్తుల మేళాల్లో కొందరు రైతులు అలా తెచ్చిపెట్టడం చూశాను. అటువంటి కుప్ప కనిపిస్తే పెద్ద కాయ కోసం వెతకకండి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, పరిమాణానికి తగినంత బరువు లేనిదాన్ని, ఊపితే గింజలు గట్టిగా మోగేదాన్ని, తొడిమ దగ్గర నల్లమచ్చ లేనిదాన్ని ఎంచుకుని, ఇంటికి వెళ్లి మీరే ఒలుచుకోండి.